తెర మీద లేని విమానం

మూడోసారి మోగాక డేల్ హ్రుస్కా ఫోను తీశాడు.

"విమానం బాబూ. జెట్టు. ఒక్కటే. బాగా కిందుగా, పడమటికి" అంది ఒక ముసలి గొంతు.

డేల్ తన ముందున్న గుండ్రటి తెర చూశాడు. కిటికీ ఒక్కటీ లేని ఆ వైమానికదళం కాంక్రీటు భవనంలో డకోటా ఆకాశమంతా ఆ తెర మీదే ఉంటుంది. కింది అంతస్తు నిండా పరుచుకున్న కంప్యూటరు, రాడార్లు పంపేదాన్ని బట్టి దాన్ని గీస్తూ ఉంటుంది.

పడమట ఏమీ లేదు.

"ఎవరండీ మీరు?"

"బోర్గిల్డ్ ట్వైట్‌ని. గుట్ట కింద పొలం మాది. విమానాల కాపలా."

శత్రువులొస్తారేమోనని ఊళ్లలో ఇళ్ల కప్పులెక్కి, విమానం కనబడితే ఫోను చేసే జనాన్ని కిందటి నెలలోనే ఇక చాలన్నారు. కంప్యూటరు వచ్చాక వాళ్లతో పనేముంది?

"కాపలాలు ఎత్తేశారుగా మామ్మగారూ. ఉత్తరం రాలేదా?"

"వచ్చింది. ఆకాశాన్ని ఎత్తేసినట్టు అందులో రాయలేదు."

వేరే రోజైతే డేల్ నవ్వేవాడే. మధ్యాహ్నం నుంచీ మంచుతుఫాను. అందులో లెఫ్టినెంట్ బార్లో జెట్టు చిక్కుకుంది. రేడియో పలకడం లేదు. ఇంధనం ఇంకో పావుగంటకు వస్తే ఎక్కువ.

"మా విమానం తూర్పున ఉంది. కళ్లెదుట చూస్తున్నాను" అన్నాడు.

తెర మీద బార్లో చుక్క తిన్నగా తూర్పుకు పోతోంది. వెతికే బళ్లూ అటే పోతున్నాయి.

"ఈ మంచులో మీకెలా కనబడింది?"

"కనబడలేదు. వినబడింది. ఇంజను ఆగి ఆగి పలుకుతోంది. దిగిపోతున్నాడు పాపం. ఎవర్నైనా పంపు."

పక్క కుర్చీలోంచి సార్జెంట్ మెసిక్ కసిరాడు. "ఎవర్రా?"

"కాపలా ముసలమ్మ సార్. పడమట జెట్టు అంటోంది."

"కోట్లు పెట్టి కట్టిన యంత్రం తూర్పంటే, పాలు పితికే ఆవిడ పడమరంటుందా? లైను ఖాళీ చెయ్యి!"

"మీరు లోపలికెళ్లి వేడిగా కాఫీ తాగండి మామ్మగారూ" అన్నాడు డేల్.

"అయితే రాసుకోవా?"

"రాసుకునే కాగితాలు కూడా తీసేశారండీ."

"సరే. నేనే చూస్తాలే" అని పెట్టేసింది.

విమానం బాగా కిందికి దిగితే రాడారుకు అందదు. అందకపోయినా కంప్యూటరు ఊరుకోదు. అంతకుముందు ఎటు పోతోందో అటే చుక్కను నడిపిస్తూ ఉంటుంది. ఆ సంగతి డేల్‌కు శిక్షణలోనే చెప్పారు. చుక్క కళ్లముందు కదులుతుంటే అది ఎవరికి గుర్తుంటుంది?

తూర్పున డెబ్భై మైళ్లు వెతికారు. మంచు తప్ప ఏమీ లేదు.

మూడో రోజు తుఫాను తగ్గింది. గుట్ట కింద పొలం దగ్గర షెరీఫుకు ఒక తాడు కనబడింది.

తుఫానులో గడప దాటితే నడుముకు తాడు కట్టుకోవడం అక్కడి వాళ్ల అలవాటు. తాడు ఒక కొస ముసలమ్మ గుమ్మానికి ఉంది. రెండో కొస మంచులో ఉంది. తెగలేదు. చాలక, విప్పేసుకుంది.

అక్కణ్ణించి రెండువందల అడుగుల అవతల జెట్టు. దాని రెక్క చాటున, కాలు విరిగిన బార్లో. అతని మీద గొర్రెతోలు కోటు. పక్కనే ఆవిడ, ఒంటి మీద ఉత్త స్వెట్టరుతో.

ఇద్దరూ కర్రల్లా బిగుసుకుపోయారు.

విమానం పడ్డాక బార్లో ఒక పూటంతా బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడు.

విచారణకు ఆ కంప్యూటరును కట్టిన ఇంజనీర్లలో ఒకాయన వచ్చాడు.

"ఫోను వచ్చిందట. ఎందుకు పట్టించుకోలేదు?"

"ఎవరో పల్లెటూరి ముసలావిడ సార్. చుక్కేమో తూర్పున..."

"పేరు చెప్పిందా?"

"బోర్గిల్డ్ ట్వైట్ అంది సార్."

ఆయన చేతిలో కలం ఆగిపోయింది.

"కిందటేడు ఆర్నెల్లపాటు మా యంత్రం చెప్పేదీ, ఆవిడ ఫోనులో చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూశామయ్యా" అన్నాడాయన చివరికి, "రెండూ కలవని ప్రతిసారీ ఆవిడ మాటే నిజమని తేలింది. దాన్ని బట్టే యంత్రాన్ని దిద్దుకున్నాం."