దసరాకు వచ్చిన పెద్దమ్మ

"పెద్దమ్మ వచ్చింది! లేవుండ్రి, కాళ్లకు నీళ్లియ్యుండ్రి!"

మహిపాల్ గేటు దగ్గర్నుంచే కేకేశాడు.

మీర్‌పేట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అప్పటికే యుద్ధానికి ముందుండే బిగువు నిండి ఉంది. తమ్ముడు మధు ఒక మూల ఫోన్ చూస్తున్నాడు. చెల్లెలు సౌజన్య ఇంకో మూల ఫోన్ చూస్తోంది. వంటింట్లో భార్య విజయశ్రీ తన కోపమంతా గిన్నెల మీద చూపిస్తోంది.

తల్లి పోయాక అందరూ కలిసి చేసుకుంటున్న మూడో దసరా ఇది. మొదటిసారి మటన్ కూరలో కార్జం ముక్కలు ఎవరి విస్తట్లో ఎన్ని పడ్డాయన్న దగ్గర మాటలు జారాయి. పోయినేడాది కూర నోట్లో పెట్టుకుని, "అమ్మ వండితే ఇట్లుండేదా?" అన్నాడు మధు. విజయశ్రీ ఏడ్చింది. సౌజన్య అరిచింది. మధు ఎంగిలి చేత్తోనే లేచి దిల్‌సుఖ్‌నగర్‌లోని తన రూముకి వెళ్లిపోయాడు.

"ఈసారి గూడ లొల్లయితే ఇగ ఎవరింట్ల వాళ్లే పండుగ జేసుకుండ్రి. నాతోని కాదు," అని విజయశ్రీ పొద్దున్నే తేల్చేసింది. ఆ మాట విన్నాక మహిపాల్ కాళ్లు ఇంట్లో నిలవలేదు. జమ్మి ఆకు తెస్తానని తన ఆటో తీసుకుని బయటపడ్డాడు. జమ్మితో పాటు పెద్దమ్మనూ తెచ్చాడు.

"అమ్మకు వరుసకు అక్కయితది. నల్గొండ దిక్కు. గుర్తుపట్టలేదా?"

మధు సౌజన్య వైపు చూశాడు. సౌజన్య మధు వైపు చూసింది. చుట్టరికంలో పెద్దమనిషిని పట్టుకుని 'నువ్వెవరు?' అని అడిగితే ఇంకేమన్నా ఉందా! ఆ మాట ఊరూరా తిరిగి, పదేళ్ల తర్వాత ఎవరి పెళ్లి పందిట్లోనో నిలదీస్తుంది.

"ఎందుకు గుర్తుపట్టం!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

పెద్దమ్మ సౌజన్య గడ్డం పట్టుకుంది. గోడ మీద దండ వేసిన ఫోటోను ఒకసారి చూసింది. "అచ్చం మీ అమ్మ ముక్కే బిడ్డా నీది!"

సౌజన్య కళ్లు చెమర్చాయి.

"ఇగ నిన్నెట్ల మరుస్తరా?" పెద్దమ్మ మధు వైపు తిరిగింది. "మీ ఊరి చెర్వుకట్ట మీద ఉరికి ఉరికి పడి మోకాలు పలగ్గొట్టుకుంటే, పసుపు వెట్టింది నేనే గదా!"

మధు గబగబా ప్యాంటు మడిచాడు. ఎడమ మోకాలి మీద పాత మచ్చ.

"అరె! వదినా, జర ఇటు రా! పెద్దమ్మకు ఏం గ్యాపకమే!"

మహిపాల్ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

పెద్దమ్మ వంటింట్లోకి నడిచింది. వంకలు పెట్టడానికి ఇంకో మనిషి వచ్చిందనుకుని విజయశ్రీ బిగుసుకుపోయింది. ముసలామె గరిటెతో పులుసు అరచేతిలో వేసుకుని చప్పరించింది.

"అబ్బ! గిసొంటి కూర తిని ఎన్నేండ్లాయెనో! దీనికెవలన్న వంక వెడితే నాకు జెప్పు."

ఆ గరిటెను వెనకే వచ్చిన మధు చేతిలో పెట్టింది. ఉల్లిగడ్డలు సౌజన్య ముందుకు తోసింది. "నువ్వు పో బిడ్డా, కొత్త చీర కట్టుకొని జరసేపు ఫ్యాన్ కింద కూసో."

పెళ్లయిన పదకొండేళ్లలో విజయశ్రీ దసరా మధ్యాహ్నం ఫ్యాన్ గాలి తగిలించుకోవడం అదే మొదలు. ఏం చేయాలో తోచక తనలో తనే నవ్వుకుంది.

విస్తళ్లు పడ్డాయి. మధు మొదటి ముద్ద మింగాడు. నొసలు ముడిచాడు.

"వదినా... ఉప్పు..."

మహిపాల్ పెద్దమ్మ వైపు చూశాడు.

"ఆగు!" పెద్దమ్మ ముక్కల గిన్నె తన ఒళ్లోకి లాక్కుంది. "మా దిక్కు ఒక పద్ధతుంది. పండుగనాడు ఒక్కొక్కరు పక్కోళ్లు జేసిన మంచి ఒక్కటి జెప్పాలె. జెప్పినోళ్లకే ముక్క. జెప్పనోళ్లకు ఉత్త పులుసు."

మధు పులుసు వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ దవాఖానల ఉన్నప్పుడు... వదిన నెల దినాలు ఆడ కిందనే పండుకుంది. నేను ఒక్కనాడన్న 'తిన్నవా వదినా' అని అడగలే."

ముక్క పడింది.

"ఇంకోటి జెప్పొచ్చా?"

విజయశ్రీ ఫక్కున నవ్వింది. సౌజన్య అందుకుంది. "నా అప్పగింతలల్ల నేను ఏడుస్తుంటే, నన్ను నవ్వించాలని చిన్నన్న బ్యాండు ముంగట ఎగిరి నడుము పట్టించుకున్నడు. వారం దినాలు వంగిపోయి నడిచిండు!"

ముక్క పడింది. ఇక ఆగలేదు. ఒకరి మంచి ఒకరు పోటీపడి తవ్వి తీశారు. మటన్ కోసం మొదలైంది, మటన్ అయిపోయినా ఆగలేదు. విజయశ్రీకి నవ్వీనవ్వీ ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఉప్పు సంగతి ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం అందరూ జమ్మి ఆకు పెద్దమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కారు.

"వచ్చే దసరా తుర్కయంజాల్‌ల, మా ఇంట్ల," అంది సౌజన్య.

"ఎహె, నా రూముల!" అన్నాడు మధు.

"నీ రూముల నలుగురు నిలవడనీకె జాగ లేదు. అందరు ఈడికే వస్తున్నరు," అంది విజయశ్రీ. "ఉప్పు జర తక్కువేస్త."

చీకటి పడుతుండగా ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు దొరికింది. మహిపాల్ పెద్దమ్మను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. పిండివంటల డబ్బా ఒళ్లో పెట్టాడు. కిందికి దిగి, రెండు చేతులూ జోడించాడు.

బస్సు కదులుతుంటే ముసలామె తల బయటపెట్టి అరిచింది: "అంత మంచిగనే అయింది గని బిడ్డా, పొద్దుగాల నీ ఆటో ఎక్కినప్పుడే అడుగుదామనుకొని మరిసిన, ఇంతకు మీది ఏ ఊరు?"