వెర్నా బోర్డు మీది అంకె

"ఆరువందల నలభై కేలరీలని రాశావు. ఏడువందలకి తక్కువుండదు," అన్నాడు డెల్బర్ట్, యాపిల్ పై అనే తీపి వంటకం ముక్కని ఫోర్కుతో పొడుస్తూ.

"పిండి నువ్వొచ్చి పిసికావా?" అంది వెర్నా, కౌంటర్ తుడుస్తూ.

"వెన్న దగ్గర నీ చెయ్యి ఎంత జారుతుందో నాకు తెలీదా?"

"తెలిస్తే నోరు మూసుకుని రాసుకో."

"నోరు మూసుకుంటే రూలు ఒప్పుకోదు."

నిజమే, రూలు అలాంటిది. హోటల్లో బోర్డు మీద ప్రతి వంటకం పక్కనా కేలరీలు రాయాలని అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ఆ పల్లె కౌన్సిల్ తీర్మానించింది. తనిఖీదారు రోజూ వచ్చి నోటితో అడగాలి, యజమాని నోటితో జవాబు చెప్పాలి. కాగితం చెల్లదు. ఊరికున్నది వెర్నా హోటలొక్కటే. తనిఖీదారు డెల్బర్ట్ ఒక్కడే. నాలుగేళ్లుగా మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి వీళ్ల జగడం వినడానికే సగం ఊరు కాఫీకి వచ్చేది. ఒక్క మీట్‌లోఫ్ అనే మాంసం వంటకం మీదే మూడు రోజులు వాదించుకున్నారు.

అంతలో రాష్ట్రం కొత్త చట్టం తలపెట్టింది. తిండి అంకెల సంగతి రాష్ట్రమే చూసుకుంటుందట. ఏ ఊరూ సొంత రూలు పెట్టకూడదు, పెట్టినవి చెల్లవు.

"పీడ విరగడైంది, బోర్డు తుడిచెయ్," అన్నాడు రొట్టెల బండివాడు.

వెర్నా తుడవలేదు. కారు పక్క సీట్లో రెండు యాపిల్ పైలు పెట్టుకుని రాజధానికి వెళ్లింది. అక్కడ శాసనసభ కమిటీ ముందు కూర్చుంది.

"మీ హోటళ్లవాళ్ల మేలుకే కదమ్మా ఈ చట్టం?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"నా మేలు నాకు తెలుసు. మా ఊరి రూలు మాకుంచండి. మా తనిఖీదారుని అడగనివ్వండి."

"రోజూ మీ వంటని దెప్పే మనిషినా?"

"దెప్పనివ్వండి. ఆ ఒక్క పూటేగా."

కమిటీవాళ్లు రెండు పైలూ శుభ్రంగా తిన్నారు, అద్భుతమన్నారు, చట్టానికే ఓటేశారు. పెద్దాయన మీసాలు తుడుచుకుంటూ ఆమెని ఓదార్చాడు. "ఇకమీదట అతను అడగక్కర్లేదు, మీరు చెప్పక్కర్లేదు."

చట్టం అమల్లోకి వచ్చిన రోజు కూడా డెల్బర్ట్ పన్నెండింటికే వచ్చాడు. చొక్కాకి తనిఖీదారు బ్యాడ్జీ లేదు. తన స్టూలు మీదే కూర్చున్నాడు. వెర్నా యాపిల్ పై ముక్క ముందు పెట్టింది. అతను బోర్డు వంక చూసి నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ఆమె తుడిచిన చోటే తుడుస్తూ నిలబడింది.

సాయంత్రం హోటల్ మూసి ఇద్దరూ ఒకే కారులో ఒకే ఇంటికి బయల్దేరారు. పంతొమ్మిదేళ్ల కిందట జాతర వంటల పోటీలో న్యాయనిర్ణేతగా అతను వెర్నా చేసినదాన్ని కాదని ఎదురింటామె యాపిల్ పైకి మొదటి బహుమతి ఇచ్చింది మొదలు, ఆ ఇంట్లో ఆ ఆలుమగలు ఒక్క మాటా ఆడుకోలేదు.