తొమ్మిది రోజులు

తొమ్మిదంటే తొమ్మిదే రోజులు ఎక్కువయ్యాయి ఖుష్బూకు.

ఆ మాట చెప్పడానికి పీఈటీ ప్రమీలమ్మ మేడం ఆళ్లగడ్డ హైస్కూలు నుంచి నేరుగా ఇంటికొచ్చింది. బీజాన్ కుట్టుమిషను ఆపింది.

"పదహారేళ్ల లోపు పిల్లల పోటీ అక్కా ఇది. వాళ్లు పెట్టిన తేదీకి నీ కూతురికి పదహారు నిండి తొమ్మిది రోజులైంది. నంద్యాలలో ఒప్పుకోరు."

"ఇన్నాళ్లూ ఒప్పుకున్యారు కదా మేడం?"

"మండలంలో, డివిజన్లో హెడ్మాస్టర్ సంతకం ఉంటే చాలు. జిల్లా పోటీకి పుట్టిన సర్టిఫికెట్ అసలుది చూస్తారు. నాదే తప్పు. ముందే చూసుకోవాల్సింది."

బీజాన్ చేతిలోని జాకెట్టు ముక్క జారి కింద పడింది.

క్రాస్ కంట్రీ అంటే గ్రౌండులో గుండ్రంగా తిరగడం కాదు. చేలగట్లు, కాలువగట్లు, రేగడి బురద, నాలుగు కిలోమీటర్లు. జూలై నుంచి నలుగురు ఆడపిల్లలు రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద పరుగెత్తుతున్నారు. ఖుష్బూ, సౌజన్య, ఏంజెల్, ఆయేషా. మొదట్లో ఊరు నవ్వింది. "బర్రెలు తప్పిపోయినాయా పాపా?" అని అడిగిన పెద్దమనుషులూ ఉన్నారు. మండలంలో గెలిచాక నవ్వడం మానేశారు. డివిజన్లో గెలిచాక అదే పెద్దమనుషులు "మా పిల్లలు" అనడం మొదలుపెట్టారు. లోకం సంగతి తెలిసిందే కదా.

జట్టుకు నలుగురుండాలి. ఉన్నది నలుగురే. ఒకరు తప్పుకుంటే నలుగురూ ఇంటికే. పైగా ప్రతిసారీ మొదట వచ్చేది ఖుష్బూయే. పరుగు తప్ప ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

"బడిలో వేసేటప్పుడు వయసు పెంచి రాయించినారా అక్కా? చానామంది చేస్తారు. చూస్తే పద్నాలుగేళ్ల పిల్ల మాదిరి ఉంటాది," మేడం ఆశగా అడిగింది.

"లేదు మేడం. ఆస్పత్రోళ్లు రాసిన తేదీనే."

మేడం ఆశ కూడా అక్కడితో సరి.

సాయంత్రం బీజాన్ మొగుడు ఇమాం సాహెబ్ బండలు పరిచే పని నుంచి వచ్చాడు. సంగతి విని, కాళ్లకంటిన సిమెంటు కడుక్కుంటూనే తేల్చేశాడు.

"ఆ తేదీ జోలికి పోవాకు. ఆధారు, రేషను, బడి, అన్నీ దాని మీదే నిలబడి ఉండాయి. కదిలిస్తే మన మెడకే చుట్టుకుంటాది."

"పాప ఏడుస్తాంది."

"ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటాది. నాకు మాటిచ్చినావు, మర్చిపోవాకు."

బీజాన్ మర్చిపోలేదు. మర్చిపోయే భాగ్యమే ఉంటే ఆమెకు ఇంత బాధ ఎందుకు?

లోపలి నుంచి ఖుష్బూ విసురుగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఇంకో పది దినాలు ఆగి కనింటే నీ సొమ్మేం పోయేదమ్మా?"

బీజాన్ తల దించుకుని మిషను దగ్గరికి జరిగింది.

"అసలు నా పుట్టినరోజంటేనే నీకు గిట్టదు. సౌజన్యకు వాళ్లమ్మ కృపమ్మత్త కేకు తెస్తాది. నువ్వేమో ఆ పొద్దు అన్నమే తినవు. నేను పుట్టింది నీకు ఇష్టం లేదా ఏందీ?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మొగుడి వైపు చూస్తే ఇచ్చిన మాట, కూతురి వైపు చూస్తే కన్నీళ్లు. రెండు గదుల ఇల్లు ఆ వారమంతా ఆమెకు అగ్గిపెట్టె అయిపోయింది. మిషను తొక్కుతూనే ఉంది. ఏం కుట్టిందో, ఎవరి కొలతలతో కుట్టిందో ఆమెకే తెలియదు.

పోటీ రోజు రానే వచ్చింది. కాళ్లావేళ్లా పడైనా సరే ఒప్పిద్దామని మేడం నలుగురినీ నంద్యాల బస్సెక్కించింది. ఇంట్లో కాగితాలన్నీ ఉన్న ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని, మొగుడికి చెప్పకుండా బీజాన్ కూడా ఎక్కింది.

సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర సంజీవయ్య సారు కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. అదే చిక్కు, చెడ్డమనిషైతే తిట్టుకుని వెనక్కి వచ్చేయొచ్చు.

"తొమ్మిది రోజులైనా తొమ్మిదేళ్లయినా నాకు ఒకటేనమ్మా," అన్నాడు. "ఈ తేదీ తప్పని చూపే కాగితం ఏదన్నా ఉండాదా? ఉంటే హామీ రాయించుకుని పరిగెత్తనిస్తా. మిగతాది తర్వాత చూసుకుంటాం."

"తేదీ తప్పు కాదు సార్."

"మరి నేనేం చేసేది తల్లీ? పక్కకు జరుగు. ఎనకాల జనం ఉండారు."

మైదానంలో మొదటి విజిల్ మోగింది. పిల్లలు గీత మీదికి చేరుతున్నారు. సౌజన్య, ఏంజెల్, ఆయేషా ఖుష్బూ చెయ్యి వదలడం లేదు. ఎవరూ పిలవకపోయినా ఖుష్బూ నంబరు గుడ్డ గుండెల మీద పిన్నుతో గుచ్చుకుని నిలబడింది. బల్ల వైపే చూస్తోంది.

ఆ చూపుకు బీజాన్ గుండె చెరువైంది. చెబితే మొగుడికిచ్చిన మాట పోతుంది. పోలీసులొస్తారో, జైలే వస్తుందో ఆమెకు తెలియదు. చెప్పకపోతే ఆ పిల్ల పరుగు ఇవాళ్టితో ఆఖరు.

"ఇంకో కాగితం ఉండాది సార్."

కవరు అడుగు నుంచి మడతల దగ్గర చిరిగిన కాగితం ఒకటి తీసింది. సంజీవయ్య కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అది ఖుష్బూ చనిపోయినట్టు పదిహేనేళ్ల కిందట ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం, ఆ పేరూ ఆ పుట్టినతేదీ రెండూ మోస్తూ గీత మీద నిలబడ్డ పిల్ల అప్పటికింకా పుట్టనే లేదు.