వేర్వేరు రకాలు

“బల్ల గుద్దకు బాబూ, చెబుతున్నాగా” అంది డాక్టరమ్మ.

గుద్దక ఏం చెయ్యను? నాకూ నా భార్యకూ ఒకేసారి హెచ్‌ఐవి బయటపడింది. నేనే అంటించానని అత్త వీధంతా వినేలా తిడుతోంది. ఇప్పుడూ తలుపవతలే కూర్చుంది. కొత్తగా బయటపడ్డవాళ్ళ వైరస్ జన్యువుల్ని ఇక్కడ పోల్చి చూస్తున్నారని తెలిసి, మా ఇద్దరివీ చూడమని పట్టుబట్టింది నేనే.

“మీవి వేర్వేరు రకాలు. ఆమెది నీ నుంచి రాలేదు. నీది ఆమె నుంచి రాలేదు.”

“విన్నావా?” అని నా భార్య మీద అరిచాను. “పద, ఈ మాట మీ అమ్మకి చెప్తా!”

ఆమె నా గ్రీజు చొక్కా పట్టుకుంది. “చెప్పకు. మా అన్న నన్ను చంపేస్తాడు. నీకు దణ్ణం పెడతా.”

ఆ చెయ్యి విదిలించి తలుపు తీశాను. అత్త లేచింది. “ఏమన్నార్రా, పాపిష్టోడా?”

వెనక్కి చూశాను. నా భార్య చేతులు జోడించి నిలబడింది.

“నేనే అంటించానత్తా” అన్నాను.

అత్త నా చెంప పగలగొట్టింది. రెండోది కొట్టినా కదలలేదు.

మరి నీకెక్కడ అంటిందని లోపల నా భార్య నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే తలుపు దాకా వచ్చేవాణ్ణే కాదు.