మూడో బంతి

చిన్నప్పుడు తిరనాళ్లలో పిన్‌బాల్ ఆడిన చెల్లెలి ఆఖరిదైన మూడో బంతి దానంతటదే గుంటలో పడిందా, తన మోకాలు బల్లకు తగిలి పడిందా అన్న అనుమానం పైడిరాజును నలభై ఏళ్లుగా వదల్లేదు.

ఇప్పుడు అందరూ కళ్లకు తగిలించుకునే ఆటల అద్దాల్లోనే ఆడుకునే కాలం. బంతి గుంటలో పడకుండా వేళ్లతో మీటలు నొక్కి ఆడే పాత పిన్‌బాల్ బల్లల వంకరలను వాటిలోకి ఎక్కించడం అతని ఉద్యోగం. వంకర లేకపోతే బంతి ఎటు పోతుందో ముందే తెలిసిపోయి, ఆట ఎవరికీ రుచించదు.

మంచానపడ్డ చెల్లెలు కనకమాలక్ష్మికి కదిలేవి రెండు వేళ్లే. వారంలో అవీ ఆగిపోతాయన్నారు డాక్టర్లు. ఆమె కోసం ఆ తిరనాళ్ల బల్లనే అద్దాల్లోకి దింపి, ఆనాటి బంతిని వందసార్లు వదిలి చూశాడు. బల్ల కదలకపోతే ఒక్కసారీ పడలేదు.

"నా మోకాలే తగిలిందే చెల్లీ."

"తెలుసులే. తగల్లేదని అప్పన్న స్వామి మీద ఒట్టేశావు కూడా. ఆయన్ని తర్వాత బతిమాలుకో, ముందు నా బంతి నాకియ్యి."

అద్దాలు ఆమె కళ్లకు పెట్టి, ఆ బంతి ఇచ్చి, దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీట నొక్కడంలో ఆమె వేలు ఆలస్యమైంది. బంతి జారిపోయింది.

"ఇది మాత్రం నేనే పోగొట్టుకున్నాను అన్నయ్యా," అంది తృప్తిగా.