పక్క మంచపామె

మోకాలి కీలు మార్చిన కాలి నుంచి గొట్టం గుండా నెత్తురు సీసాలోకి టప్పుటప్పున పడుతూనే ఉంది. బంద్ వల్ల రక్తం తెచ్చే జీపు వరంగల్ దారిలో చిక్కుకుంది. జనగామ దవాఖానలో తల్లి హాజిరా బీ చెయ్యి పట్టుకొని, ఆ చప్పుడెప్పుడు ఆగుతుందా అని జమాల్ కాచుకున్నాడు.

"తెలంగాణ వస్తది గానీ జీపొచ్చేటట్టు లేదన్నా. గొట్టం బిగించిన, ఇగ ఆగుతది," అని నర్సమ్మ వెళ్లింది.

సీసాలో చుక్క పడటం లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. అది అతడి వెనక, పక్కనున్న ఖాళీ మంచం కింద నుంచి వస్తోంది.

"బేటా, పక్క మంచపామెకు సలి పెడ్తున్నదంట. జర నా దుప్పటి కప్పు."

"అమ్మీ, ఆడ ఎవరూ లేరు."

"గిటు జరిగి నా పక్కనే పండుకున్నదిరా."

సాయంత్రం నుంచి అతడు కోరుకున్నట్టే చప్పుడు ఆగింది. పట్టుకున్న చెయ్యి చల్లబడసాగింది.