మేస్త్రీ పాట

"ఎవడ్రా గా మేస్త్రీ పాట కట్టింది?"

అంటూనే హన్మంతు జనరేటర్ ఆపేశాడు. మైకు, గిటారు మూగబోయాయి. కరెంటుతో పనిలేని లక్ష్మణ్ ఒక్కడే, సంగతి తెలియక, డ్రమ్ముల మీద ఇంకో నాలుగు దెబ్బలు వేసి ఆగాడు.

గిటారు పట్టుకున్న సాంసన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకో గంటలో ప్రోగ్రాం. మానవపాడు వేరుశనగ గోదాం ముందు అప్పుడే జనం చాపలు పరుచుకుంటున్నారు. చూస్తే వేదికగా పెట్టిన ట్రాక్టర్ ట్రాలీ హన్మంతుది, జనరేటర్ హన్మంతుది. ఆ మాటకొస్తే గేటుకు కట్టిన ఫ్లెక్సీలో, పాడేవాళ్లందరికంటే పెద్దగా, నల్ల కళ్లద్దాలతో నవ్వుతున్న ముఖం కూడా హన్మంతుదే. మొదట చిన్నగా వేస్తే పీకించి మళ్లీ వేయించాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలను గుంపులుగా బొంబాయికి తోలుకుపోయే మేస్త్రీ ఆయన.

సాంసన్ ఈ సంగతి మరిచిపోయి పాట రాశాడనుకునేరు. బాగా గుర్తుపెట్టుకునే రాశాడు. కాకపోతే ట్రయల్ వేసేటప్పుడు మైకు సౌండు టీ హోటల్ దాకా పోతుందన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

"హోటల్ కాడ కూసున్నోళ్లంత నన్ను జూసి నవ్వుతున్నరు. 'అన్నా, గది నీ పాటనే' అంటున్నరు. ఏందిరా గిదంత?"

"రాక్ ఒపెరా అన్నా," అన్నాడు సాంసన్ నీళ్లు నములుతూ.

"అంటే?"

"కథంత పాటలల్లనే చెప్తం. నడుమ మాటలుండవు."

"బాగోతం లెక్కనా?"

"గట్లనే. గిటార్‌తోని."

హన్మంతు ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మేస్త్రీ వేషానికి తెచ్చుకున్న నల్ల కళ్లద్దాలను లక్ష్మణ్ చప్పుడు కాకుండా జేబులోకి తోసేశాడు.

"మొత్తం ఎన్ని పాటలు?"

"తొమ్మిది."

"వాటిల్ల మేస్త్రీ ఎన్నింట్ల వస్తడు?"

"ఒక్కదాంట్లనే అన్నా! అమ్మతోడు, ఒక్కదాంట్లనే!"

"మిగిలిన ఎనిమిది కూలికి పోయిన కిష్టయ్యవే," అని లక్ష్మణ్ ఆదుకోబోయాడు. "మల్ల నీ జోలికే రామన్నా."

"ఒక్కదాంట్ల," అన్నాడు హన్మంతు. ముఖం మాడిపోయింది.

చల్లబడతాడనుకుంటే ఇంకా వేడెక్కుతున్నాడేమిటని సాంసన్ పరేషాన్ అయ్యాడు. ఇలాంటప్పుడు కాస్త తగ్గితే పోయేదేముంది అనుకున్నాడు.

"రెండు చరణాలు కోసేస్తం అన్నా. సగం పాటనే ఉంటది."

"సగమా?" హన్మంతు మెడలో గొలుసు ఎగిరిపడింది.

"వద్దులే, పాటనే తీసేస్తం! అసలు మేస్త్రీనే ఉండడు. కిష్టయ్య తనంతల తనే రైలెక్కి బొంబాయి పోతడు. సరేనా?"

హన్మంతు వెనక్కి తిరిగి తన మనుషులను కేకేశాడు.

"ఏయ్, జనరేటర్ ఎత్తుండ్రి! ట్రాలీకి ట్రాక్టర్ తగిలియ్యుండ్రి!"

సాంసన్ దిక్కులు చూశాడు. ముందు వరసలో వాళ్లమ్మ బుజ్జమ్మ కూర్చుని ఉంది. ఆ పాటలో సాంసన్ సొంతంగా రాసింది తక్కువ. బుజ్జమ్మ చెప్పిందే ఎక్కువ. హన్మంతు గుంపులో మట్టి మోస్తున్నప్పుడు తల్లి పోయిందని కబురొస్తే, ఇంటికి పంపమని ఆమె కాళ్లావేళ్లా పడింది. "జర సబర్ చెయ్యి, రేపు బండి పెడత" అన్నాడు హన్మంతు. మర్నాడూ అదే మాట. ఆ బండి రానేలేదు, ఆమె తల్లి ముఖం చూడనేలేదు. హన్మంతు అన్న ఆ మాటే ఇప్పుడు పాటకు పల్లవి.

బుజ్జమ్మ లేచి, నిదానంగా చాప చుట్టడం మొదలుపెట్టింది.

సాంసన్‌కు చచ్చేంత సిగ్గేసింది. గిటారు పక్కన పెట్టి ట్రాలీ అంచుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, కూసో! ఎటు పోతవు?" అని అరిచి హన్మంతు వైపు తిరిగాడు. "తియ్యను! చరణం కొయ్య, పాట తియ్య! నీ ట్రాలీ నువ్వు తీస్కపో. నేల మీద నిలబడి, మైకు లేకుండనే పాడుత. మా అమ్మ వినేదాంక పాడుత. ఏం జేసుకుంటవో జేసుకో!"

బుజ్జమ్మ చేతిలో చాప సగం చుట్టి అలాగే ఉంది.

హన్మంతు తను పెట్టుకున్న నల్ల కళ్లద్దాలు తీశాడు. ట్రాలీ ఎక్కి సాంసన్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇక దెబ్బ పడినట్టేనని లక్ష్మణ్ డ్రమ్ముల వెనక్కి ఒదిగిపోయాడు.

"తియ్యమని నిన్నెవడడిగిండ్రా?" అన్నాడు హన్మంతు రోషంగా. "ఊరోళ్లను బొంబాయి తోల్కపోయింది నేను, కథ నడిపిచ్చింది నేను... కిష్టయ్యగానికేమో ఎనిమిది పాటలు, నాకు ఒక్కటేనా?"